మెమరీ తలుపు దగ్గర కావలి

మిర్యాలగూడ రైసు మిల్లులలో పొట్టు వలిచి, పాలిషు పట్టిన బియ్యం బస్తాలకు ఎక్కే ముందు ఒక ఎత్తైన యంత్రం గుండా పోతుంది. రంగును బట్టి గింజలను వేరుచేసే ఈ యంత్రాన్ని వాడుకలో ‘సార్టెక్స్’ అంటారు. బియ్యం ఏటవాలు తొట్ల వెంట పలుచని వరుసలుగా కిందికి జారుతుంది. జారే గింజలను కెమెరాలు చూస్తూ ఉంటాయి. నల్లగింజ గాని, రంగు మారిన గింజ గాని, మట్టిపెళ్ళ గాని కనబడితే, అది ఇంకా గాలిలో ఉండగానే ఒక సన్నని రంధ్రం నుంచి గాలి ఊది యంత్రం దానిని పక్కకు తోసివేస్తుంది.

ఈ నిర్ణయానికి చిక్కే కాలం సెకనులో కొద్ది వేలవ వంతులు మాత్రమే. కెమెరా చూసిన బొమ్మ అంకెల రూపంలో మెమరీకి చేరనిదే నిర్ణయం సాధ్యం కాదు. అయితే ఆ అంకెలను కెమెరా నుంచి మెమరీలోకి మోసేది ఎవరు? ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని దీని వెనుక డెబ్బయి ఏళ్ళ చరిత్ర ఉన్నది. అందులో మొదటి భాగం శ్రమను తగ్గించుకొన్న కథ. రెండవ భాగం, ఆ సౌకర్యంతో పాటు వచ్చిన ముప్పును అదుపులో పెట్టిన కథ.

గుమాస్తా మోసిన బస్తాలు

కంప్యూటరు మెమరీని నెంబర్లు వేసిన అరలున్న గోదాముగా భావించవచ్చు. ఒక్కొక్క అర నెంబరును ‘అడ్రసు’ అంటారు. లెక్కలు చేసే ప్రాసెసరు ఆ గోదాములోని గుమాస్తా వంటిది. కెమెరా, డిస్కు, టేపు, అచ్చుయంత్రం మొదలైన పరికరాలు సరుకు తెచ్చే, తీసుకొనిపోయే లారీల వంటివి.

తొలినాటి యంత్రాలలో లెక్కలు రాయవలసిన గుమాస్తాయే బస్తాలు కూడా మోయవలసి వచ్చేది. 1954లో వచ్చిన ఐ.బి.ఎం. 704 యంత్రంలో టేపు నుంచి ప్రతి మాటను తెచ్చుకోవటానికి ప్రోగ్రాములో ఒక ‘కాపీ’ ఆజ్ఞ ఉండవలసిందే. టేపు ఆగకుండా తిరుగుతూ ఉంటుంది కనుక ఆ ఆజ్ఞ సకాలంలో రావాలి. సమయం తప్పితే పని చెడిపోయేది. లక్షల ఖరీదు చేసే ప్రాసెసరు ఒక్కొక్క మాట కోసం టేపు ముఖం చూస్తూ నిలబడేది.

అదే 1954లో అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థ నిర్మించిన ‘డైసియాక్’ యంత్రంలో ఒక కొత్త ఉపాయం కనబడింది. పరికరం సిద్ధంగా ఉన్నప్పుడు తానే ప్రాసెసరుకు సంకేతం ఇస్తుంది. ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపి, దాని సంగతి చూసి, మళ్ళీ తన పనికి తిరిగి వస్తుంది. దీనిని ‘ఇంటరప్టు’ అంటారు. దీనివల్ల గుమాస్తా తలుపు దగ్గర కాచుకొని ఉండే బాధ తప్పింది. కాని పిలుపు వచ్చినప్పుడల్లా లేచిపోయి బస్తా మోసే బాధ తప్పలేదు.

ఇది ఎంత బరువైన పనో ఒక లెక్క వలన తెలుస్తుంది. ఒక కెమెరా ఒక్కొక్క గీతకు 2,048 చుక్కల చొప్పున సెకనుకు 10,000 గీతలు పంపుతున్నదని అనుకొందాం. అంటే సెకనుకు 2,04,80,000 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఒక ఇంటరప్టు, దానిని తీర్చటానికి ఒక మైక్రోసెకను, అనగా సెకనులో పది లక్షలవ వంతు, పట్టిందని అనుకొందాం. ఒక సెకనులో వచ్చిన బొమ్మను లోపలికి చేర్చటానికే 20 సెకన్లకు పైగా కావాలి. ఆలోగా మిల్లులో ఎన్ని గింజలు జారిపోతాయో చెప్పనక్కరలేదు.

చీటీ పట్టుకొని లోపలికి

దీనికి విరుగుడు 1958లో వాడుకలోకి వచ్చిన ఐ.బి.ఎం. 709లో స్పష్టమైన రూపం దాల్చింది. దానిలోని ‘డేటా సింక్రనైజర్’ అనే భాగం ప్రాసెసరుతో సంబంధం లేకుండా టేపుకూ మెమరీకీ మధ్య సరుకును నడిపేది. గుమాస్తా చేయవలసిందల్లా ఒక చీటీ రాసి ఇవ్వటమే: ఏ అర నుంచి మొదలుపెట్టాలి, ఎన్ని బస్తాలు దించాలి. హమాలీలు చీటీ తీసుకొని నేరుగా గోదాములోకి పోయి సరుకు దించి, పని ముగిసిన తరువాత ఒక్క మాట చెప్పి పోతారు. ఈ పద్ధతికే ‘డైరెక్ట్ మెమరీ యాక్సెస్’ అని పేరు. పొడి అక్షరాలలో దీనిని డి.ఎం.ఎ. అంటారు.

పై లెక్కనే మళ్ళీ చూస్తే తేడా తెలుస్తుంది. చుక్కకు ఒకటి గాక గీతకు ఒక ఇంటరప్టు చాలు. సెకనుకు 10,000 ఇంటరప్టులు. వాటికి పట్టే కాలం సెకనులో నూరవ వంతు. మిగిలిన కాలమంతా ప్రాసెసరు గింజల మంచిచెడ్డలు తేల్చటానికి వినియోగపడుతుంది.

1965లో వచ్చిన పి.డి.పి.-8 అనే చిన్న కంప్యూటరులో ఈ చీటీ ఎక్కడ ఉండేదో చూస్తే విషయం ఇంకా సుబోధకమవుతుంది. ఆ యంత్రంలో మాట పొడవు 12 బిట్లు, మెమరీలోని మాటలు 4,096. ఒక్కొక్క పరికరానికి మెమరీలోనే పక్కపక్కన రెండు అరలు కేటాయించేవారు. ఒక దానిలో ఇంకా ఎన్ని మాటలు మిగిలి ఉన్నవో, రెండవ దానిలో చేరవలసిన అడ్రసు ఏదో ఉండేవి. పరికరం పిలిచినప్పుడు యంత్రం మూడు అడుగులు వేసేది: లెక్కను ఒకటి మార్చటం, అడ్రసును ఒకటి పెంచటం, మాటను దాని చోట ఉంచటం. ఒక్కొక్క అడుగుకు 1.5 మైక్రోసెకన్లు. మూడింటికీ కలిపి 4.5 మైక్రోసెకన్లు. ఇంకా వేగం కావలసిన పరికరాలు లెక్కను, అడ్రసును తమలోనే ఉంచుకొని ఒక్క అడుగుతోనే పని ముగించేవి.

1967: కాలువ నీరు, కంప్యూటరు

తెలుగునేలకు సంబంధించినంతవరకు 1967 గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ యేడు ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ ప్రాంతం వరిపొలాల సీమగా మారింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. అదే యేడు ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్థాపితమైనది. దానికి సారథ్యం వహించిన శాస్త్రజ్ఞుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ఆయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించి, 2003లో పరమపదించారు. హైదరాబాదులోని ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదే.

అణుశక్తి పరిశోధనకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను విదేశాల నుంచి తెప్పించుకోకుండా స్వదేశంలోనే తయారు చేయాలన్నది ఈ సంస్థ ఆశయం. ట్రాంబేలో రూపొందిన 12 బిట్ల ‘టి.డి.సి.-12’ కంప్యూటరు 1969లో పనిలోకి దిగింది. తరువాత ఇ.సి.ఐ.ఎల్. ఈ వరుసలో 1974లో టి.డి.సి.-312ను, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316ను వెలువరించింది. ప్రయోగశాలలో జరుగుతున్న ప్రక్రియను జరుగుతుండగానే కనిపెట్టి ఉండటం ఇట్టి యంత్రాల ముఖ్యోద్దేశం. రియాక్టరు దగ్గరి కొలత పరికరం పంపే సంకేతం ప్రాసెసరు తీరిక కోసం ఆగదు. జారే బియ్యపు గింజ కూడా ఆగదు. పరికరాల నుంచి మెమరీకి దారి వెయ్యటం ఆనాటి ఇంజనీర్లకు ఐచ్ఛికం కాదు, అవసరం.

హమాలీ దారి తప్పితే

ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. చీటీ మీద అర నెంబరు తప్పుగా పడితే హమాలీలు మరొకరి బియ్యం మీద తమ బస్తాలు దించిపోతారు. గుమాస్తా ఆ దరిదాపుల్లో ఉండడు. నష్టం జరిగినట్లు కూడా అతనికి వెంటనే తెలియదు. మెమరీలో పడి చెడిపోయేది ఒక పద్దు కావచ్చు, ఒక ప్రోగ్రాము కావచ్చు, సాక్షాత్తు గుమాస్తా పాటించవలసిన నియమాల పట్టికే కావచ్చు.

పెద్ద యంత్రాలను నిర్మించినవారు ఈ ప్రమాదాన్ని ముందుగానే గుర్తించారు. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టరులో టామ్ కిల్‌బర్న్ బృందం పూర్తిచేసిన ‘అట్లాస్’ యంత్రంలో మెమరీని 512 మాటల పేజీలుగా విభజించారు. డ్రమ్ము నుంచి గాని టేపు నుంచి గాని ఒక పేజీలోకి సరుకు దిగుతూ ఉన్నంతసేపు ఆ పేజీకి తాళం గుర్తు పడేది. అంతసేపూ ప్రోగ్రాము దానిని ముట్టుకోరాదు. 1964లో ప్రకటించిన ఐ.బి.ఎం. సిస్టం/360లో మరొక ఏర్పాటు ఉండేది. మెమరీని 2,048 బైట్ల భాగాలుగా చేసి ఒక్కొక్క దానికి 4 బిట్ల తాళం నెంబరు ఇచ్చేవారు. ప్రోగ్రాములకే గాక, పరికరాల తరఫున మెమరీలోకి పోయే ‘చానెల్’ చేతికి కూడా ఒక తాళంచెవి నెంబరు ఇచ్చేవారు. రెండూ సరిపోకపోతే అక్కడ రాయటానికి వీలులేదు. సున్న నెంబరు తాళంచెవి మాత్రం అన్నింటినీ తెరిచేది.

అయితే చౌకగా ఉండవలసిన చిన్న యంత్రాలలో ఇట్టి కావలి కొరవడింది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో డి.ఎం.ఎ. పనిని ఇంటెల్ 8237 అనే చిప్పు చూసేది. దాని అడ్రసు 16 బిట్లు. అనగా అది లెక్కపెట్టగలిగినవి 65,536 అరలు మాత్రమే. ఆపై భాగపు అడ్రసును వేరొక రిజిస్టరులో ఉంచేవారు. లెక్క 65,536 గీతను దాటితే ఆ పై రిజిస్టరు కదిలేది కాదు. సరుకు ముందుకు పోవటానికి బదులు అదే భాగం మొదటికి తిరిగి వచ్చి, అక్కడ ఉన్నదానిని చెరిపివేసేది. ఈ గీత దాటకుండా చూసుకొనే భారం ప్రోగ్రాము రాసేవారి మీద పడింది.

కెర్నెల్ చేసే పని

ఈ భారాన్ని ఒక్కొక్క ప్రోగ్రాముకు వదిలితే ఎవరో ఒకరు పొరపడక మానరు. కనుక అది ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డున ఉండే భాగానికి చేరింది. దాని పేరు ‘కెర్నెల్’. ఆంగ్లంలో ఈ మాటకు పొట్టులోపలి గింజ అని అర్థం. వడ్లకు లోపలి బియ్యపు గింజ ఎట్లాంటిదో, కంప్యూటరును నడిపే సరంజామాకు కెర్నెల్ అట్లాంటిది. ఏ పరికరానికి ఏ చీటీ రాయాలన్నది నిర్ణయించేది ఇదే. 1991లో మొదలై నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న లినక్స్ కెర్నెల్‌లో ఈ పని ఇట్లా సాగుతుంది.

మొదటిది, చోటు కదలకుండా చూడటం. మెమరీ చాలనప్పుడు కెర్నెల్ కొన్ని పేజీలను డిస్కుకు పంపి వాటి చోటును వేరొకరికి ఇస్తుంది. పరికరం సరుకు దించుతూ ఉండగా ఇది జరిగితే సరుకు పరాయివారి చోట పడుతుంది. కనుక ఆ పేజీలు పని పూర్తి అయ్యేవరకు అక్కడే బిగించి ఉంచబడతాయి.

రెండవది, అడ్రసును మార్చి చెప్పటం. ప్రోగ్రాముకు తెలిసిన అడ్రసు కల్పితమైనది. దాని దృష్టిలో వరుసగా ఉన్న పేజీలు నిజమైన మెమరీలో చెల్లాచెదురుగా ఉండవచ్చు. కెర్నెల్ నిజమైన చోట్లన్నింటినీ ఒక జాబితాగా రాసి పరికరానికి ఇస్తుంది.

మూడవది, పాతప్రతిని తొలగించటం. ప్రాసెసరు తనకు తరచు కావలసిన అంకెల ప్రతిని ‘కాష్’ అనే దగ్గరి గూటిలో ఉంచుకొంటుంది. మెమరీలో పరికరం కొత్త సరుకు దించినా, ప్రాసెసరు తన గూటిలోని పాతప్రతినే చూసి మోసపోవచ్చు. కొన్ని యంత్రాలలో విద్యుత్ వలయాలే ఈ తేడాను సరిచేస్తాయి. కొన్నింటిలో కెర్నెల్ స్వయంగా గూడు ఖాళీ చేయించాలి.

నాలుగవది, అందని చోటికి నిచ్చెన వెయ్యటం. 1984 నాటి పర్సనల్ కంప్యూటరు ఎ.టి.లో డి.ఎం.ఎ. అడ్రసు 24 బిట్లు, అనగా 1,67,77,216 అరలు. తరువాత మెమరీ ఎంతో పెరిగింది గాని, పాత కార్డుల చేయి అంతవరకే అందుతుంది. అందుకని లినక్స్ మొదటి 16 మెగాబైట్లను అట్టి పరికరాల కోసం ప్రత్యేకంగా గుర్తుపెట్టి ఉంచింది. హమాలీ కింది అరలో దించిన సరుకును తరువాత గుమాస్తా పై అరలోకి మార్చేవాడన్నమాట. ఇందులో కాలం వృథా అయినా పని ఆగదు.

తలుపు దగ్గర కావలివాడు

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక నమ్మకం మీద ఆధారపడినవి: చీటీ సరిగా రాస్తే హమాలీ చీటీ ప్రకారమే నడుచుకొంటాడు. 1992లో వచ్చిన పి.సి.ఐ. ఏర్పాటులో ప్రతి కార్డూ తానే స్వయంగా మెమరీని అందుకోగలదు. మధ్యలో 8237 వంటి పెద్దమనిషి లేడు. కార్డు చెడిపోయినా, దానిని దురుద్దేశంతో తయారుచేసినా, చీటీలో లేని అరలోకి పోకుండా ఆపేవారు ఎవరూ లేరు.

ఈ భయం ఊహ మాత్రమే కాదని త్వరలోనే రుజువైనది. ‘ఫైర్‌వైర్’ అనే తీగ ద్వారా బయటి నుంచి తగిలించిన పరికరం కంప్యూటరు మెమరీని ప్రాసెసరుకు తెలియకుండానే చదవగలదని, అందులో రాయగలదని 2004–05 సంవత్సరాలలో పరిశోధకులు చేసి చూపించారు. మెమరీలో రహస్యపదాలు ఉంటాయి. బ్యాంకు వివరాలు ఉంటాయి. కెర్నెల్ కూడా అందులోనే ఉంటుంది. తాళం వేసిన గదిలో కంప్యూటరు భద్రంగా ఉన్నదనుకొంటే, తీగ తగిలించిన ప్రతి పరికరం చేతిలోనూ గోదాము తాళంచెవి ఉన్నట్లే అయినది.

దీనికి జవాబు తలుపు దగ్గరనే కావలివాడిని నిలపటం. పరికరానికీ మెమరీకీ మధ్య ఒక విద్యుత్ వలయాన్ని పెట్టి, పరికరం చెప్పిన ప్రతి అడ్రసును అది పట్టికలో సరిచూసేటట్లు చేస్తారు. పట్టికను రాసేది కెర్నెల్. పట్టికలో లేని అడ్రసు అయితే లోపలికి పోనివ్వదు. ఈ వలయాన్ని ‘ఐ.ఓ.ఎం.ఎం.యు.’ అంటారు. దీని పూర్వరూపం ఒకటి 1975 నాటి పి.డి.పి.-11/70లోనే ఉన్నది. పరికరాల తీగకు 18 బిట్ల అడ్రసు, మెమరీకి 22 బిట్ల అడ్రసు కావటం వలన, రెండింటినీ కలపటానికి 31 రిజిస్టర్ల పట్టిక పెట్టారు. ఒక్కొక్క రిజిస్టరు 8,192 బైట్ల భాగానికి దారి చూపేది. కాని అది అందని చోటిని అందించటానికి పుట్టినది. కావలి కాయటం దాని ముఖ్యోద్దేశం కాదు. సామాన్య కంప్యూటర్లకు ఇట్టి కావలి వలయాల ప్రమాణాలను ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు 2006లో వెల్లడించాయి.

కావలివాడు వచ్చినంత మాత్రాన కథ ముగియలేదు. కేంబ్రిడ్జి, రైస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2019లో ‘థండర్‌క్లాప్’ పేరుతో వెల్లడించిన పరిశోధన మూడు పాఠాలు నేర్పింది. మొదటి పాఠం, కావలివాడు ఉన్నా అనేక కంప్యూటర్లలో అతనికి పని అప్పగించలేదు. ప్రతి అడ్రసునూ సరిచూస్తే వేగం తగ్గుతుందన్న సంకోచం అందుకు ఒక కారణం. రెండవది, కావలివాడి కొలత ఒక పేజీ, సాధారణంగా 4,096 బైట్లు. ఒక పరికరానికి ఇచ్చిన సరుకు పేజీలో కొంత భాగమే అయినా, అదే పేజీలో పక్కన ఉన్న కెర్నెల్ సొంత విషయాలు కూడా పరికరానికి కనబడతాయి. మూడవది, పని అయిపోయిన వెంటనే అనుమతిని రద్దు చేయటం ఖర్చుతో కూడినది. అందుకని అనేక రద్దులను పోగుచేసి ఒక్కసారిగా చేయటం వాడుక. ఆ కొద్ది వ్యవధిలో పాత చీటీ చెల్లుతూనే ఉంటుంది.

ఈ లోపాలు తెలిసిన తరువాత ఆపరేటింగ్ సిస్టంలలో సవరణలు జరిగాయి. బయటి నుంచి తగిలించే పరికరాలను నమ్మదగనివిగా ఎంచి వాటిపై కావలిని తప్పనిసరి చేయటం, పేజీలో కొంత భాగమే ఇవ్వవలసి వచ్చినప్పుడు వేరే ఖాళీ పేజీ ద్వారా సరుకును నడపటం అట్టివి. వేగాన్ని కొంత వదులుకొని భద్రతను కొనుక్కోవటమే ఇది.

పాఠశాలలో ఈ విషయం చెప్పేటప్పుడు విద్యార్థుల చేత ఒక చిన్న లెక్క చేయించవచ్చు. 12 బిట్లతో ఎన్ని అడ్రసులు చెప్పవచ్చు? 16 బిట్లతో? 24తో? 32తో? రెండును అన్నిసార్లు హెచ్చవేస్తే వరుసగా 4,096, 65,536, 1,67,77,216, 4,29,49,67,296 వస్తాయి. మొదటిది పి.డి.పి.-8 మెమరీ అంతటిలోని మాటల సంఖ్య. ఈనాడు కావలివాడు కాచే ఒక్క పేజీలోని బైట్ల సంఖ్య కూడా అదే. ఒకనాటి గోదాము అంతా ఈనాడు ఒక అరగా మారింది. గోదాము పెరిగినకొద్దీ, అందులోకి వచ్చిపోయే చేతులు పెరిగినకొద్దీ, చీటీ రాసే పని మరింత మెలకువతో చేయవలసి వచ్చింది.

మిల్లులోని ఒక నల్లగింజను గాలితో ఊదివేయటానికి కెమెరాకు మెమరీలో చోటు ఇవ్వక తప్పదు. అయితే ఆ చీటీలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఎక్కడ, ఎంత, ఎప్పటివరకు. మొదటి రెండింటినీ 1958 నాటి ఇంజనీర్లే రాశారు. మూడవదానిని సరిగా రాయటం నేటికీ కెర్నెల్ నిర్మాతలకు చేతినిండా పనిగానే ఉన్నది.